మజ్జ మార్పిడికి ముందు – ఒక ఇంటి సన్నాహం



మన సొసైటీకి వచ్చే వైద్య సహాయ దరఖాస్తుల్లో ఒక మాట తరచుగా కనబడుతుంది: "మా పాపకు థలసీమియా. ఆపరేషన్‌కు పది లక్షలు కావాలి. దయచేసి ఆదుకోగలరు." రాసినవారు అబద్ధం రాయలేదు. కానీ ఆ మాట చదవగానే దాత మనసులో మెదిలే దృశ్యం ఒకటుంటుంది. ఆపరేషన్ థియేటరు, నాలుగైదు గంటల పని, వారం పది రోజుల్లో డిశ్చార్జి, అంతటితో సమస్య తీరింది అని. అందుకే దాతలు మమ్మల్ని అడిగే మొదటి ప్రశ్న, "ఆపరేషన్ ఎప్పుడు?" రెండో ప్రశ్న, "అయిపోయిందా?"

థలసీమియాకు చేసే ఎముక మజ్జ మార్పిడిలో పాపను కోయడం ఉండదు. పది లక్షలు ఒక్క రోజున ఖర్చయ్యేవి కావు. పాప ఆసుపత్రిలో చేరడానికి నెలల ముందే పని మొదలవుతుంది, ఇంటికి వచ్చాక కనీసం ఏడాది సాగుతుంది. మీరిచ్చే సొమ్ము ఈ దారిలో ఎక్కడ ఉపయోగపడుతుందో, ఎక్కడ ఆలస్యంగా అంది వృథా అవుతుందో తెలియాలంటే ఆ ఇంట్లో జరిగేదంతా కాస్త వివరంగా చెప్పాలి. పల్నాడు వైపు ఒక ఊళ్లో వెల్డింగు షాపులో పనిచేసే తండ్రి, ఇంట్లో మిషను కుట్టే తల్లి, ఎనిమిదేళ్ల బాబు, ఐదేళ్ల పాప ఉన్న ఒక కుటుంబాన్ని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. పేర్లు, ఊరు చెప్పను. ఎందుకో తరువాత మీకే అర్థమవుతుంది.

ముందు వ్యాధి గురించి. రక్తానికి ఎరుపునిచ్చేది హిమోగ్లోబిన్. దాన్ని తయారుచేయించే జన్యువు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి బిడ్డకు వస్తాయి. ఒకటి లోపించినా మనిషి మామూలుగానే ఉంటాడు, మహా అయితే కొద్దిపాటి రక్తహీనత. అలాంటివారిని వాహకులు అంటారు. భార్యాభర్తలిద్దరూ వాహకులైతే మాత్రం ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం, పుట్టే బిడ్డకు రెండూ లోపించిన జన్యువులే రావడానికి. అదే థలసీమియా మేజర్. పుట్టినప్పుడు బిడ్డ బొద్దుగానే ఉంటుంది. ఆరు నెలలు దాటాక పాలిపోతుంది, పాలు తాగదు, పొట్ట ఉబ్బుతుంది. పరీక్షలయ్యాక డాక్టరు చెప్పేది ఒక్కటే: మూడు నాలుగు వారాలకు ఒకసారి రక్తం ఎక్కించాలి, జీవితాంతం.

ఆ రక్తమే బిడ్డను బతికిస్తుంది, దాంతోనే ఇంకొక ముప్పూ వస్తుంది. ఒక్కో యూనిట్ రక్తంలో సుమారు 200 నుంచి 250 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. మన శరీరం రోజుకు ఒకటి రెండు మిల్లీగ్రాములకు మించి ఇనుమును బయటికి పంపలేదు. మిగిలినదంతా కాలేయంలో, గుండెలో, గ్రంథుల్లో పేరుకుంటుంది. దాన్ని బయటికి లాగడానికి రోజూ డెఫెరాసిరాక్స్ వంటి మందు వాడాలి. మందు మానేసిన పిల్లలకు యుక్తవయసు వచ్చేసరికి గుండె దెబ్బతింటుంది. పైగా మన ఊళ్లలో తల్లిదండ్రులు రక్తం కోసం పరుగెత్తుతారే గాని, మందు సంగతికి వచ్చేసరికి "పాప బాగానే ఉందిగా" అని ఆగిపోతారు. ఖర్చే దానికి ముఖ్య కారణం.

జీవితాంతం ఇలా నడపడం కాకుండా వ్యాధినే తీసేయడానికి అందుబాటులో ఉన్న మార్గం మజ్జ మార్పిడి. నల్లీ ఎముకలో మూలుగ మనందరికీ తెలిసిందే. రక్తం తయారయ్యేది ఎముకల లోపలి మజ్జలోనే. పాప శరీరంలో పనికిరాని మజ్జను మందులతో పూర్తిగా తుడిచేసి, సరిపోయిన మరొకరి మజ్జలోని మూలకణాలను ఎక్కిస్తారు. 1980ల మొదట్లో అమెరికాలోని సియాటిల్‌లోనూ, ఇటలీలోని పెసారోలోనూ థలసీమియాకు ఈ చికిత్స మొదలైంది. మన దక్షిణాదిలో వెల్లూరు సి.ఎం.సి. 1986 నుంచి ఈ మార్పిడులు చేస్తోంది. హైదరాబాదులోనూ చేసే ఆసుపత్రులున్నాయి.

సరిపోవడం అంటే రక్తం గ్రూపు కలవడం కాదు. ఈ అపోహ చదువుకున్నవారిలోనూ ఉంది. కలవవలసింది హెచ్.ఎల్.ఏ. అనే గుర్తులు. ఒకే తల్లిదండ్రులకు పుట్టిన తోబుట్టువుల్లో ఒక్కొక్కరికి సరిపోయే అవకాశం నాలుగింట ఒకటి. ఇద్దరు తోబుట్టువులున్నా కనీసం ఒకరు సరిపోయే అవకాశం సగం కంటే తక్కువే. తల్లి గాని తండ్రి గాని మామూలుగా సగమే సరిపోతారు. సరిపోయిన అన్నో అక్కో తాను వాహకుడైనా ఇవ్వవచ్చు. గ్రూపు వేరైనా ఫరవాలేదు, మార్పిడి తరువాత పాప రక్తం గ్రూపే మెల్లగా అన్న గ్రూపుగా మారిపోతుంది. (ఇది చెప్పినప్పుడు ఆ బాబు ముఖం చూడాలి. చెల్లెల్ని గెలుచుకున్నట్టే ఉంది.)

ఆ కుటుంబం అదృష్టం, అన్న హెచ్.ఎల్.ఏ. పూర్తిగా సరిపోయింది. అల్‌హందులిల్లాహ్ అని ఇంటిల్లిపాదీ సంతోషించారు. వారం తిరిగేలోగా ఆ తల్లికి నిద్ర పట్టడం మానేసింది.

తల్లి అడిగిన ప్రశ్న

ఆమె అడిగినది ఇది. "భాయ్, నా బిడ్డ ఇప్పుడు ఆడుకుంటోంది. బడికి వెళ్తోంది. నెలకోసారి రక్తం ఎక్కిస్తే చాలు, ఇంటికొచ్చి అన్నతో కొట్లాడుతుంది. ఇలా ఉన్న బిడ్డను నా చేతులతో నేనే తీసుకెళ్లి ప్రాణం మీదికి తేవాలా?"

ఈ ప్రశ్నకు "అల్లాహ్ మీద భారం వేయండమ్మా" అని చెప్పి తప్పించుకోకూడదు. నిజమైన జవాబు ఉంది, అది తేలికైనది కాదు. అన్నీ అనుకూలంగా ఉన్న చిన్నపిల్లల్లో, పూర్తిగా సరిపోయిన తోబుట్టువు మజ్జతో చేసినప్పుడు, నూటికి 85 నుంచి 90 మంది దాకా వ్యాధి నుంచి బయటపడుతున్నారు. మిగిలినవారిలో కొందరికి కొత్త మజ్జ నిలవదు, మళ్లీ రక్తం ఎక్కించుకోవడమే. కొందరు ఇన్‌ఫెక్షన్ వల్లో, అన్న కణాలు చెల్లెలి శరీరాన్ని పరాయిదిగా భావించి దాడి చేయడం వల్లో చనిపోతారు. బిడ్డకు క్యాన్సర్ అయితే చేయించకపోయినా ప్రాణం పోతుంది కాబట్టి తల్లికి దారి ఒక్కటే కనబడుతుంది. థలసీమియాలో అలా కాదు. ఇవాళ నవ్వుతున్న బిడ్డను, పదిహేనేళ్ల తరువాత వచ్చే ముప్పు నుంచి కాపాడడానికి ఇవాళే ముప్పులో పెట్టడం. అందుకే ఈ నిర్ణయంలో బరువు ఎక్కువ.

ఆగుదామంటే అదీ కుదరదు. పెసారోలో లుకారెల్లి అనే వైద్యుని బృందం చాలా ఏళ్ల కిందటే మూడు సంగతులు చూడాలని చెప్పింది: కాలేయం ఎంత పెరిగింది, అందులో గట్టిపడిన మచ్చలున్నాయా, ఇనుము తీసే మందు క్రమంగా వాడారా. ఈ మూడూ బాగున్న పిల్లలకు ఫలితం బాగుంటుంది, మూడూ చెడినవారికి ముప్పు చాలా పెరుగుతుంది. ఏడేళ్ల లోపు అయితే మేలు అని వైద్యులు తొందరపెట్టేది ఇందుకే. అంటే, డబ్బు కోసం రెండేళ్లు తిరిగితే ఆ రెండేళ్లూ కాలేయం మీదే పడతాయి. దాతలు ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే చాలు, దరఖాస్తు మీద "వచ్చే ఏడాది చూద్దాం" అని రాయడం ఎంత మాటో తెలుస్తుంది.

ఇంకొక సంగతి డాక్టర్లు మెల్లగా చెబుతారు, తల్లులు మాత్రం అక్కడే ఆగిపోతారు. మజ్జను తుడిచే మందుల వల్ల పెద్దయ్యాక బిడ్డకు సంతానం కలగకపోవచ్చు. ఐదేళ్ల పాప నిఖా గురించి ఇప్పుడెందుకు అని తండ్రి అన్నాడు. తల్లి ఏమీ అనలేదు. ఇద్దరూ ఇస్తిఖారా చేశారు, మసీదు ఇమామ్ సాబ్‌తో మాట్లాడారు, డాక్టరు దగ్గరికి మళ్లీ రెండుసార్లు వెళ్లి అవే ప్రశ్నలు అడిగారు. అడగనివ్వాలి. నిర్ణయం వారిది. సొసైటీ డబ్బు ఇస్తోంది కదా అని కమిటీ సభ్యులు "ఇంకా ఆలోచిస్తారేంటి" అనడం సరికాదని నా గట్టి అభిప్రాయం.

డబ్బు ఎక్కడెక్కడ కావాలి

పూర్తిగా సరిపోయిన తోబుట్టువుతో చేసే మార్పిడికి మన దేశంలో సుమారు పది లక్షలు, ఆసుపత్రిని బట్టి అంతకు మించి అవుతుంది. ఇది వినగానే కుటుంబం చేసే మొదటి పని, ఉన్న కాస్త బంగారం అమ్మడం. ఆ పని ముందే చేయనివ్వకండి. కోల్ ఇండియా సంస్థ తన సామాజిక బాధ్యత నిధులతో 2017లో "థలసీమియా బాల సేవా యోజన" అనే పథకం ప్రారంభించింది. అర్హులైన బిడ్డకు పది లక్షల రూపాయల వరకు నేరుగా ఆసుపత్రికే చెల్లిస్తారు. వయసు, ఆదాయం, తోబుట్టువు సరిపోవడం వంటి నిబంధనలున్నాయి, ఎంపిక చేసిన ఆసుపత్రుల్లోనే వర్తిస్తుంది. వెల్లూరు వాటిలో ఒకటి. దీనికి ఆదాయ ధ్రువపత్రం, ఆధార్, హెచ్.ఎల్.ఏ. నివేదికలు, ఆసుపత్రి అంచనా పత్రం కావాలి. ముఖ్యమంత్రి సహాయ నిధికీ దాదాపు ఇవే కాగితాలు. థలసీమియాను 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో చేర్చారు కాబట్టి వైకల్య ధ్రువపత్రం కూడా తీసుకోవచ్చు. చికిత్స కోసం వెళ్లే థలసీమియా రోగికి, వెంట వెళ్లే ఒకరికి రైల్లో స్లీపర్ తరగతిలో 75 శాతం రాయితీ ఉంది. నెలనెలా గుంటూరుకో హైదరాబాదుకో తిరిగే కుటుంబాల్లో చాలామందికి ఈ సంగతే తెలియదు.

కాగితాల పనికి మన సొసైటీ కుర్రాడొకరు తోడు వెళ్తే తండ్రికి ఎన్నో రోజుల కూలి మిగులుతుంది. ఇదీ దానమే. రసీదు పుస్తకంలో కనబడదు గాని.

ఇక పథకం వచ్చాక మన అవసరం ఏముంది అని కొందరు దాతలు అడుగుతారు. పథకం ఆసుపత్రి బిల్లు కడుతుంది. తల్లి, తండ్రి, ఇద్దరు పిల్లలు వెల్లూరులో మూడు నాలుగు నెలలు ఉండాలి. గది అద్దె, వంట సరుకులు, కాట్పాడి దాకా రైలు, అక్కడి నుంచి ఆటో. తండ్రికి అన్ని నెలలూ జీతం లేదు. ఊళ్లో ఇంటి అద్దె మాత్రం ఆగదు. డిశ్చార్జి తరువాత వాడే మందులు, రోజు విడిచి రోజు రక్త పరీక్షలు, జ్వరం వస్తే మళ్లీ చేర్చడం. అనుకోని ఇన్‌ఫెక్షన్ వస్తే మందుల ఖర్చు పథకం పరిమితి దాటిపోతుంది. నేను చూసినంతలో కుటుంబాలు అప్పుల్లో మునిగేది పెద్ద బిల్లు దగ్గర కాదు, ఈ చిల్లర ఖర్చుల దగ్గర.

జకాత్ విషయం ఇక్కడే చెప్పాలి. సూరా తౌబా 60వ ఆయత్‌లో జకాత్‌కు ఎనిమిది వర్గాలు పేర్కొనబడ్డాయి. నిరుపేదలు, అగత్యపరులతో పాటు అప్పుల పాలైనవారూ అందులో ఉన్నారు. కాబట్టి సొంత ఇల్లు ఉన్నంత మాత్రాన ఆ తండ్రి అర్హుడు కాడని తేల్చేయకూడదు. అప్పులు పోగా అతని దగ్గర మిగిలినది నిసాబ్‌కు చేరుతుందా అన్నది చూడాలి. మన ప్రాంతంలో ఎక్కువమంది అనుసరించే హనఫీ ఫిఖ్‌హ్‌లో జకాత్ సొమ్ము అర్హుని సొంతం కావాలి, అంటే తమ్లీక్ జరగాలి. సొసైటీ తనంతట తాను ఆసుపత్రికి చెక్కు పంపితే ఈ షరతు నెరవేరిందా అన్న సందేహం వస్తుంది. తండ్రి చేతికే ఇవ్వడం గాని, తన తరఫున ఆసుపత్రికి చెల్లించమని అతని దగ్గర సంతకంతో కాగితం తీసుకోవడం గాని చేస్తే చిక్కు ఉండదు. సయ్యద్ కుటుంబాలకు జకాత్ వాడకుండా సదఖా, లిల్లాహ్ నిధి నుంచి ఇవ్వాలి. మీరు ఇచ్చేటప్పుడు ఇది జకాతా, లిల్లాహా అని రసీదుపై రాయించమని మేము అడిగేది ఇందుకే. వివరాలు మీ ముఫ్తీ సాబ్‌ను అడిగి తెలుసుకోండి.

ఇంకొక చిక్కు ఉంది. మన జకాత్‌లో పెద్ద భాగం రమజాన్‌లోనే వస్తుంది. ఆసుపత్రిలో మంచం ఖాళీ అయ్యేది సఫర్‌లో కావచ్చు, రజబ్‌లో కావచ్చు. మంచం ఇచ్చిన తేదీకి డిపాజిట్ కట్టకపోతే ఆ వంతు తరువాతి బిడ్డకు పోతుంది. రమజాన్‌లో ఒకేసారి ఇచ్చేవారు ఆ బరకతును వదులుకోనక్కర్లేదు. కాని వైద్యానికి ఇచ్చే లిల్లాహ్ సొమ్మును నెలనెలా పంపగలిగేవారు నలుగురున్నా ఆ తేదీని అందుకోవచ్చు.

రక్తం ఇస్తామనే బంధువులు

చేర్చడానికి ముందు నెలల్లో జరిగే సన్నాహంలో చాలా చిన్నచిన్న పనులున్నాయి. పళ్ల డాక్టరుకు చూపించి పుచ్చుపళ్లు తీయించాలి. ఇనుము తీసే మందు ఒక్క రోజు కూడా తప్పకుండా వేయాలి. అన్నకూ రక్త పరీక్షలు, గుండె పరీక్ష. మగబిడ్డ అయి ఇంకా ఖత్నా కాకపోతే, చేయించాలా ఆగాలా అన్నది డాక్టరును అడగకుండా సొంతంగా నిర్ణయించకూడదు.

వీటన్నిటికంటే ముఖ్యమైనది రక్తం విషయం. "పరాయి రక్తం ఎందుకు, మేమంతా లేమా" అని మామయ్యలు, చిన్నాన్నలు ప్రేమతో ముందుకు వస్తారు. మార్పిడికి వెళ్లే బిడ్డకు తల్లిదండ్రులు, అన్నదమ్ములు, దగ్గరి రక్తసంబంధీకుల రక్తం ఎక్కించకూడదు. అలా ఎక్కిస్తే ఆ ఇంటి గుర్తులను పాప శరీరం ముందే శత్రువుగా గుర్తుపెట్టుకుంటుంది, రేపు అన్న మజ్జను తోసిపుచ్చే ప్రమాదం పెరుగుతుంది. మామయ్య రక్తం ఇవ్వాలనుకుంటే బ్యాంకులో ఇవ్వనివ్వండి. అది ఇంకొకరి బిడ్డకు వెళ్తుంది, ఇంకెవరి రక్తమో ఈ పాపకు వస్తుంది.

ఆసుపత్రిలో ఉన్నప్పుడు కావలసింది ఎక్కువగా ప్లేట్‌లెట్లు. పాప సొంత మజ్జ తుడిచిపెట్టుకుపోయి కొత్తది మొలకెత్తే వరకు, రెండు మూడు రోజులకోసారి అవసరపడవచ్చు. ప్లేట్‌లెట్లు ఐదు రోజులకు మించి నిలవ ఉండవు కాబట్టి ముందే దాచిపెట్టలేము. దాత మిషను పక్కన గంట, గంటన్నర కూర్చోవాలి. ఇచ్చే ముందు మూడు రోజులు ఆస్పిరిన్ వేసుకుని ఉండకూడదు. వెల్లూరు, చెన్నై కాలేజీల్లో చదివే మన పిల్లల పేర్లు, గ్రూపులు, ఫోన్ నంబర్లు ఒక కాగితం మీద రాసి ఆ తండ్రి చేతికి ఇస్తే, అది ఇరవై వేల చెక్కుకంటే విలువైనది. ఊరుకాని ఊళ్లో, భాష రాని చోట, రాత్రి పదింటికి "రేపు ఉదయం బి పాజిటివ్ దాతను తీసుకురండి" అని నర్సు చెబితే అతను ఎవరిని అడుగుతాడు?

పిల్లలకు ఏం చెప్పారు

పెద్దలు తమ భయం దాచుకోవడానికి పిల్లలకు అబద్ధాలు చెబుతారు. "షాపింగుకు వెళ్తున్నాం", "సూది వేయరులే". ఐదేళ్ల పాప సూదులు ఎన్నో చూసింది, ఆమెను మోసం చేయలేరు. ఒకసారి అబద్ధం పట్టుబడితే, గదిలో తలుపు వేసి ఉంచే ఆ నెల రోజులు అమ్మీ మాటను కూడా నమ్మదు.

ఆ తల్లి చేసిన పని నాకు నచ్చింది. గుడ్డ బొమ్మ ఒకటి కుట్టింది. దాని ఛాతీ దగ్గర సన్నని దారం రెండు కొసలు వదిలింది. పాపకు పెట్టబోయే సెంట్రల్ లైను అలాగే ఉంటుంది, మందులు, రక్తం అన్నీ అందులోంచే పోతాయి కాబట్టి చేతికి మాటిమాటికీ సూదులు ఉండవు. బొమ్మకు మాస్కు కుట్టింది. జుట్టు ఊడిపోతుందని చెప్పి, బొమ్మ జుట్టు పాప చేతే కత్తిరింపించింది. "మళ్లీ వస్తుందా అమ్మీ?" "వస్తుంది బేటీ, ఇన్షా అల్లాహ్. ముందుకంటే ఒత్తుగా రావచ్చు." ఆసుపత్రికి వెళ్లే ముందే పాప తల గొరిగించారు, అన్న కూడా గొరిగించుకున్నాడు.

అన్న గురించి ఎవరూ పట్టించుకోరు. అందరి కళ్లూ చెల్లెలి మీదే. ఎనిమిదేళ్ల పిల్లవాడికి "నీ ఎముకలోంచి తీస్తారు" అని చెబితే ఎముక విరగ్గొడతారనే అనుకుంటాడు. జరిగేది ఏమిటంటే, మత్తు ఇచ్చి నడుము వెనుక తుంటి ఎముక నుంచి సూదితో మజ్జ తీస్తారు. కోత ఉండదు. రెండు మూడు రోజులు నొప్పి, మరునాడో ఆ మరునాడో ఇంటికి. తీసిన మజ్జ కొద్ది వారాల్లోనే మళ్లీ నిండుతుంది. వాడిని భయపెట్టింది ఇవేవీ కావు. "నాది సరిపోకపోతే చెల్లి చచ్చిపోతుందా? నా తప్పేనా?" అని వాళ్ల నానీని రాత్రి అడిగాడట. ఇవ్వడం వరకే నీ పని, తరువాతది అల్లాహ్ చేతిలో ఉందని ఆ పెద్దావిడ ఎన్నిసార్లు చెప్పిందో. పెద్దవాళ్లు పిల్లవాడితో ఈ మాట ముందే చెప్పి ఉంచాలి, ఫలితం వచ్చాక చెబితే ఎక్కదు.

మార్పిడి రోజు విశేషం ఏమీ ఉండదు. వారం పది రోజులు బుసల్ఫాన్ వంటి గట్టి మందులు ఇచ్చాక, ఒక సంచిలో అన్న మజ్జ తెచ్చి రక్తం ఎక్కించినట్టే ఎక్కిస్తారు. కొన్ని గంటల్లో అయిపోతుంది. అసలు పరీక్ష ఆ తరువాతి రెండు నుంచి నాలుగు వారాలు. నోరంతా పుళ్లు, తిండి సహించదు, రోజూ ఉదయం తెల్లకణాల లెక్క కోసం ఎదురుచూపు. గదిలో బిడ్డతో ఒక్కరే ఉండాలి, ఎక్కువగా తల్లే. తండ్రి బయట గాజు తలుపు దగ్గర.

ఇంటికి వచ్చాక

మొదటి వంద రోజులు ఆసుపత్రికి దగ్గరలోనే ఉండమంటారు. తరువాత ఇంటికి పంపినా, ఆ ఇల్లు ముందే సిద్ధంగా ఉండాలి. సున్నం వేయించడం, చెమ్మ పట్టిన గోడ బాగుచేయించడం, పెరట్లో కోళ్లను, మిద్దె మీది పావురాలను బంధువుల ఇంటికి పంపడం, తాగునీరు కాచి చల్లార్చడం. సున్నాలూ మరమ్మతులూ పాప ఇంటికి వచ్చేసరికే అయిపోవాలి, దుమ్ములో బూజు విత్తనాలుంటాయి కాబట్టి. ఇలాంటి పనికి సొసైటీ ఒక మేస్త్రీని పంపితే, నలుగురు కుర్రాళ్లు రెండు రోజులు పనిచేస్తే సరిపోతుంది.

కొన్ని సంగతులు ఆదరాభిమానాలతో ముడిపడినవి. పాపను చూడ్డానికి బంధువులు వస్తారు. ఖర్జూరాలు, తేనె, కలోంజీ, జమ్‌జమ్ తెస్తారు. పచ్చి తేనె, తొక్క తీయకుండా తినే పళ్లు, బయటి తినుబండారాలు ఆ నెలల్లో వద్దంటారు వైద్యులు. జమ్‌జమ్ అయినా కాచి ఇవ్వాలి. మెడలో తావీజు, చేతికి దారం ఆసుపత్రిలో తీసేయమంటారు, అక్కడ చెమటా మురికీ చేరతాయి. దువా చేసి ఊదిన నీళ్లు తాగించమని పెద్దలు పట్టుబడితే తల్లి ఇరకాటంలో పడుతుంది. ఇమామ్ సాబ్ ఒక్కమాట చెబితే ఆ ఇరకాటం తీరుతుంది: దువా దూరం నుంచి కూడా అందుతుంది, ఇప్పుడు బిడ్డను చూడ్డానికి వెళ్లకపోవడమే పరామర్శ. జుమా ప్రసంగం తరువాత ఈ మాట చెప్పించడం మన కమిటీ చేయగల పని.

ఆరు నెలలు, కొందరికి ఏడాది, సైక్లోస్పోరిన్ వంటి మందు వేళ తప్పకుండా వేయాలి. చిన్నప్పుడు వేసిన టీకాలన్నీ డాక్టరు చెప్పినప్పుడు మళ్లీ మొదటి నుంచి వేయించాలి. పాత ఇనుము శరీరంలో ఇంకా ఉంటుంది, ఆరోగ్యం కుదుటపడ్డాక కొద్దికొద్దిగా రక్తం తీసి దాన్ని తగ్గిస్తారు. ఇన్నేళ్లు రక్తం ఎక్కించుకున్న బిడ్డకు ఇప్పుడు రక్తం తీయడమేమిటని నానీ ఆశ్చర్యపోయింది.

పేర్లు ఎందుకు రాయలేదో ఇప్పుడు చెబుతాను. ఆ పాపకు ఇద్దరు పిన్నులున్నారు, ఇంకా పెళ్లి కాలేదు. "ఆ ఇంట్లో రక్తం జబ్బు" అన్న మాట బయటికి పొక్కితే రిష్తాలు రావని కుటుంబం భయం. అందుకే చాలా ఇళ్లలో దాస్తారు, దాచడం వల్ల పరీక్ష చేయించుకోరు, మేనరికాలు యథావిధిగా జరుగుతాయి. వాహకులా కాదా అన్నది హిమోగ్లోబిన్ ఏ2 చూసే ఒక్క రక్త పరీక్షతో సాధారణంగా తెలిసిపోతుంది. మూడున్నర శాతం దాటితే వాహకులని అనుమానిస్తారు. వాహకులు కానివారిని చేసుకుంటే పుట్టే పిల్లలకు మేజర్ రాదు, రిష్తా వదులుకోనక్కర్లేదు. ఇరాన్‌లో 1997 నుంచి, సౌదీ అరేబియాలో 2004 నుంచి నిఖాకు ముందు ఈ పరీక్ష తప్పనిసరి. హైదరాబాదు రాజేంద్రనగర్ దగ్గర 1998లో ఏర్పడిన థలసీమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ మన రాష్ట్రాల కుటుంబాలకు రక్తం ఎక్కించడం, పరీక్షలు, సలహాలు అందిస్తోంది.

ఆ ఇద్దరు పిన్నుల పరీక్ష ఖర్చు ఈ ఏడాది ఒక దాత పెట్టుకున్నారు. పాపకు వెల్లూరులో తేదీ ఇచ్చారు. తండ్రి షాపు యజమాని నాలుగు నెలలు సెలవు ఇచ్చాడు, జీతం లేకుండా. గది అద్దె రెండు నెలలకు సరిపడా సమకూరింది. మిగిలిన రెండు నెలలకూ, డిశ్చార్జి తరువాతి మందులకూ ఇంకా కావాలి. చెన్నై, వెల్లూరుల్లో బి పాజిటివ్ ఉన్న మీ పిల్లలు, బంధువుల ఫోన్ నంబర్లు ఉంటే కార్యాలయంలో రాయించగలరు.